‘మంచి ఏరియా’ అంటే ఎవరికి మంచి?

పోయిన ఆదివారం మా కాలనీ అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. నెలలో రెండు గొలుసు దొంగతనాలు జరిగాయి, అందుకని. ముందు వరసలో మగవాళ్లు, వెనక వరసలో మేము, మధ్యలో టీ, ఉస్మానియా బిస్కెట్లు. గంటన్నరలో మూడు తీర్మానాలు చేసేశారు. ఒకటి, రాత్రి తొమ్మిదిన్నరకి కాలనీ గేటుకి తాళం. రెండు, చివరి వీధిలోని అమ్మాయిల హాస్టల్ ఖాళీ చేయించమని ఆ ఇంటి ఓనరుకి చెప్పడం. మూడు, పక్క బస్తీ నుంచి వచ్చే పనివాళ్లు వెళ్లేటప్పుడు వాచ్‌మన్‌కి సంచులు చూపించి వెళ్లడం.

గొలుసులు తెంపుకుపోయింది బైకు మీద వచ్చిన ఇద్దరు మగవాళ్లు. శిక్ష పడింది హాస్టల్ పిల్లలకీ, మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషికీనూ! ఆ మాటే లేచి అడిగాను. “మీకు తెలీదమ్మా, మన ఏరియా మునుపట్లా లేదు. ఇదంతా మీ ఆడవాళ్ల సేఫ్టీ కోసమే” అన్నారు పెద్దలు.

మా కోసమే అయితే మమ్మల్ని ఒక్క మాట అడగాలి కదా?

మా అమ్మాయికి సాయంత్రం క్లాసు తొమ్మిదికి అయిపోతుంది. హైదరాబాదులో ఆ వేళ బస్సు దొరికి, ట్రాఫిక్ దాటి, మెయిన్ రోడ్డు మీద దిగి, నడిచి వచ్చేసరికి తొమ్మిదీ నలభై. అంటే రేపటి నుంచి అది తాళం వేసిన గేటు బయట, వాచ్‌మన్ లేచి వచ్చేదాకా చీకట్లో నిలబడాలి. దీన్నే మా వాళ్లు రక్షణ అంటున్నారు.

ఆ మెయిన్ రోడ్డు సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ల కిందటి వరకూ ఆ మలుపులో ఒక ఇడ్లీ బండి ఉండేది. భార్యాభర్తలిద్దరూ రాత్రి పదిన్నర దాకా ఉండేవారు. పక్కనే ఇస్త్రీ బల్ల, ఎదురుగా పూలమ్మే ఆవిడ. పిల్ల బస్సు దిగితే నాలుగు జతల కళ్లు చూసేవి. ఆలస్యమైతే “పాప ఇంకా రాలేదమ్మా?” అని ఆ పూలావిడే నన్ను అడిగేది. కాలనీ అందం చెడుతోందని అసోసియేషన్ వాళ్లే ఫిర్యాదు చేసి అవన్నీ తీయించేశారు. ఇప్పుడక్కడ వెలగని వీధి దీపం, దాని కింద పార్క్ చేసిన కార్లు ఉన్నాయి. మొన్న రెండో గొలుసు పోయింది సరిగ్గా ఆ మలుపులోనే.

కాపలాకని సీసీ కెమెరాలు పెట్టించారు, మంచిదే. దొంగ వెళ్లిపోయాక వాడి బైకు నంబరు కెమెరా చెబుతుంది. కానీ “ఎవడ్రా అది?” అని అరవడానికి మనిషి కావాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ‘మాది మంచి ఏరియా, క్రైమ్ తక్కువ’ అని అద్దె ఇంటి కోసం వచ్చినవాళ్లకి గొప్పగా చెబుతాం. ఆ తక్కువ అన్న లెక్క ఎక్కడిది? స్టేషన్‌లో రాసిన కేసులే లెక్కలోకి వస్తాయి. రాయనివి రావు. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే ఎన్‌సీఆర్‌బీ వాళ్లు వాటిలో పెద్దదాన్నే లెక్కపెడతారు. పెద్ద నగరాల నేరాల రేటుకి 2022 నివేదికలో కూడా 2011 నాటి జనాభానే తీసుకున్నారు. ఇంత జల్లెడ పట్టాక మిగిలిన అంకె చూసి మన వీధి బంగారం, పక్క బస్తీ ప్రమాదం అని తేల్చేస్తాం!

పోనీ ఆ జల్లెడలో మిగిలిందైనా ఏం చెబుతోందో చూడండి. అదే 2022 నివేదిక ప్రకారం దేశంలో స్త్రీలపై నేరాల కేసులు 4,45,256. అందులో అన్నిటికంటే పెద్ద వాటా, 31.4 శాతం, భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింసది. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకి తెలిసినవాడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. మనం గేటుకి తాళం వేసి, ఆ దొంగని లోపలే పెట్టుకుని, బయట బస్తీ మీద వేలు చూపిస్తున్నాం.

మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక ఇంట్లోంచి రాత్రుళ్లు చప్పుళ్లు వినిపిస్తాయి. ఏ ఫ్లోరో చెప్పను. మొదట గట్టిగా మాటలు, తరవాత ఏదో పడ్డ శబ్దం, తరవాత టీవీ సౌండ్ పెరగడం. మర్నాడు ఆవిడ లిఫ్టులో తల దించుకుని నిలబడుతుంది. అందరికీ తెలుసు. గొలుసు పోతే మీటింగ్ పెట్టినవాళ్లు దీనికి పెట్టలేదు. “వాళ్ల ఇంటి గొడవ మనకెందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల” అంటారు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇంతకీ ఆ అడుసులో ఉన్నది మనం కాదు, ఆవిడ.

‘అయితే జాగ్రత్త పడొద్దా, పిల్లల్ని అర్ధరాత్రి దాకా తిరగనివ్వాలా?’ అని మీలో కొందరు అడుగుతారు. నాకూ ఆడపిల్ల ఉంది, తను వచ్చేదాకా నాకూ అన్నం దిగదు. నేను అడిగేది ఒక్కటే. జాగ్రత్త భారం ఎప్పుడూ ఆడపిల్ల నెత్తినే ఎందుకు పడాలి? హాస్టల్ ఖాళీ చేయిస్తే ఆ పిల్లలు భయం లేని లోకానికి పోరు, ఇంకో చీకటి వీధికి పోతారు. మన వీధిలో మాత్రం రాత్రి తొమ్మిదికి నడిచే ఆడవాళ్లు ఇంకా తగ్గిపోతారు. ఆడవాళ్లు తిరగని వీధిలో ఒంటరిగా నడిచే పిల్లకి భయం ఎక్కువా, తక్కువా? మీరే చెప్పండి.

మనకున్న దారులు కూడా తెలుసుకుందాం. 2005లో వచ్చిన గృహహింస చట్టం ప్రకారం పక్కింట్లో హింస జరుగుతోందని ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినందుకు మనమీద కేసు ఉండదు. 181కి చేయవచ్చు, అప్పటికప్పుడైతే 112కి చేయవచ్చు. ‘మా పరిధి కాదు’ అని స్టేషన్ చుట్టూ తిప్పితే, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని గుర్తుచేయండి. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. ఆకతాయిల గురించి వాళ్లకి చెప్పడానికి పరువు అడ్డం రానివ్వకండి.

మేం పదకొండు మందిమి ఒక కాగితం రాసి సంతకాలు పెట్టాం. గేటుకి తాళం వద్దు, రాత్రంతా మనిషి కావాలి. మలుపులో దీపం వెలగాలి. ఇడ్లీ బండిని తిరిగి రమ్మనాలి. హాస్టల్ జోలికి వెళ్లకూడదు. సంచులు వెతకాలంటే అందరివీ వెతకాలి, ముందు ప్రెసిడెంట్ గారి కారు డిక్కీతో మొదలుపెట్టాలి.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. ఈసారి మేం ముందు వరసలో కూర్చుంటాం. టీ వాళ్లు తెస్తారు.