స్టేజీ మీద మూడోవాడు

మొన్న ఆదివారం పొద్దున పదకొండింటికి తార్నాక మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగుతుంటే డల్లస్ నుంచి వాట్సాప్‌లో ఒక ఆడియో ఫైల్ వచ్చింది. ఏడేళ్లుగా ఆ నంబర్ నుంచి నాకు వచ్చినవన్నీ పండగ ఫార్వర్డ్‌లే. దీపావళికి దీపం, సంక్రాంతికి గాలిపటం. ఈసారి పాట. కింద ఒక్కటే లైను: "మామా, విని చెప్పు."

ఆ ఫైల్ సంగతి చెప్పాలంటే ముందు ఒక రికార్డు గురించి చెప్పాలి. అది వినకపోయుంటే మేం పాట కట్టేవాళ్లం కాదు, కొట్లాడుకునేవాళ్లమూ కాదు.

2016. ఓయూ ఇంజనీరింగ్‌లో నాది మూడో ఏడు. జియో సిమ్ కోసం అందరూ లైన్లో నిలబడ్డ సంవత్సరం అదే, కానీ మా హాస్టల్‌లో మ్యూజిక్ ఇంకా సీనియర్ల హార్డ్ డిస్కుల నుంచే వచ్చేది. అలా కాపీ కొట్టుకున్న ఒక ఫోల్డర్ పేరు 'దాస్ రేసిస్ట్'. మన దాసు ఎవడో అమెరికా వెళ్లి పాటలు పాడాడేమో అనుకున్నా. కాదు. 'దట్స్ రేసిస్ట్' అనే మాటని వీధి యాసలో అంటే అలా వినబడుతుంది. దాసు లేడు గానీ ఫోల్డర్లో నిజంగానే ఒక తెలుగోడు ఉన్నాడని తర్వాత తెలిసింది.

న్యూయార్క్ బ్యాండ్. ముగ్గురు. హిమాంశు సూరి, స్టేజీ పేరు హీమ్స్, క్వీన్స్‌లో పెరిగిన పంజాబీ. విక్టర్ వాస్క్వెజ్, స్టేజీ పేరు కూల్ ఏ.డి. ఈ ఇద్దరూ కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీ హాస్టల్లో కలిశారు. మూడోవాడు అశోక్ కొండబోలు, ముద్దుపేరు డ్యాప్. హీమ్స్‌కి స్టైవెసెంట్ హైస్కూల్ దోస్తు. ఆంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబం. 'ద ప్రాబ్లమ్ విత్ అపు' డాక్యుమెంటరీ తీసిన కమెడియన్ హరి కొండబోలు ఇతని అన్న. కొండబోలు! మన పెళ్లి శుభలేఖల మీద కనబడే ఇంటిపేరు బ్రూక్లిన్ ర్యాప్ పోస్టర్ మీద కనబడితే ఎట్లుంటది? మా రూంలో ఆ రాత్రి ఎవ్వరూ పడుకోలేదు.

2010లో వాళ్లు రెండు మిక్స్‌టేప్‌లు వదిలారు. మార్చిలో 'షటప్, డ్యూడ్', సెప్టెంబర్లో 'సిట్ డౌన్, మ్యాన్'. రెండూ ఫ్రీ. డౌన్‌లోడ్ చేసుకో, విను, పో. అంతకు ముందు 2008లో ఒకే ఒక్క జోకు లాంటి పాటతో ఇంటర్నెట్‌లో పేరొచ్చింది. పిజ్జా హట్, టాకో బెల్ రెండూ కలిసున్న షాపులో ఇద్దరు ఫోన్లో ఒకరినొకరు వెతుక్కోవడం, అంతే పాట. జనం వీళ్లని కామెడీ గ్యాంగ్ అనేసుకున్నారు. ఆ ముద్రకి జవాబే ఈ రెండు రికార్డులు. టైటిళ్లు చూడండి: నోర్మూసుకో, కూర్చో. ఎవరు ఎవరితో అంటున్నారో మాత్రం చెప్పరు.

మొదటిసారి విన్నప్పుడు నాకు సగం అర్థం కాలేదు. హీమ్స్ బద్ధకంగా, నిద్ర లేచి బ్రష్ చేసుకుంటూ మాట్లాడినట్టు పాడతాడు. కూల్ ఏ.డి. మాట మింగేస్తాడు. క్రికెట్, కార్టూన్లు, ఫిలాసఫీ పుస్తకాలు, స్వీట్ షాపులు, అన్నీ ఒకే ఊపిరిలో దొర్లిపోతాయి. కానీ పదోసారి వింటే తెలుస్తుంది, ఆ బద్ధకం నటన. ప్రాస లైను చివర్లో పడదు, మధ్యలో ఎక్కడో పడుతుంది. మనం చివర కోసం ఎదురుచూస్తుంటే అది అప్పటికే జరిగిపోయి ఉంటుంది. స్కూల్లో పద్యానికి యతి ఎక్కడుందో గీత గీసి చూపించమనేవారు కదా, అట్లా పెన్సిల్ పట్టుకుని గీశాన్నేను వీళ్ల పాటలకి. నోట్‌బుక్ ఇంకా ఉంది.

'షార్టీ సెడ్' అని ఒక పాట. ఒకమ్మాయి నువ్వు ఫలానా సెలబ్రిటీలా ఉన్నావంది, ఇంకో ఫలానాలా ఉన్నావంది, లిస్టు అలా సాగుతూనే ఉంటుంది. నవ్వుతూ వింటాం. నాలుగైదు పేర్ల తర్వాత గమనిస్తాం, ఆ సెలబ్రిటీలకి ఒకరితో ఒకరికి పోలికే లేదు, చర్మం రంగు తప్ప. కోపం అన్న మాట పాటలో ఎక్కడా రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రైనింగ్‌కి నార్త్ వెళ్తే అక్కడ నన్ను మూడు నెలలు 'మద్రాసీ' అన్నారు. ఖమ్మం అని చెప్పినా అదే. ప్రతిసారీ ఈ పాటే గుర్తొచ్చేది.

అసలు పట్టు మాత్రం 'హూజ్ దట్? బ్రౌన్!' పాటలో ఉంది. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే గ్రూపు 1991 ఆల్బమ్‌లో 'సినారియో' అనే పాట ఉంది. అందులో చార్లీ బ్రౌన్ అనే ర్యాపర్ వంతు వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లు ఎవడ్రా వాడు అని అరుస్తారు, బ్రౌన్ అని జవాబొస్తుంది. ఒక మనిషి పేరు, ఒక కేక, అంతే. ఇరవై ఏళ్ల తర్వాత వీళ్లు ఆ కేకని పట్టుకొచ్చి తమ పాటకి పల్లవి చేశారు. అక్షరం మార్చలేదు. కానీ ఇప్పుడు బ్రౌన్ అంటే మనిషి పేరు కాదు, ఒంటి రంగు. పాడేవాడు మారితే మాట అర్థం మారిపోయింది. వీడియో కూడా మన చిన్నప్పటి టీవీ వీడియో గేమ్‌లా, డబ్బా డబ్బా బొమ్మలతో చేశారు.

ఇంకోటి గమనించారా? ఒరిజినల్ పాటలో ఆ కేక ర్యాపర్ల గొప్ప లైన్లలో ఒకటి కాదు. పక్కవాళ్లు ఊపు కోసం అరిచిన అరుపు. పాట మొత్తంలో వీళ్లు ఏరుకున్నది దాన్నే.

'సిట్ డౌన్, మ్యాన్' వచ్చేసరికి డబ్బున్నవాళ్ల సౌండ్ కూడా చేతికొచ్చింది. డిప్లో, డ్రేక్‌కి హిట్లిచ్చిన బోయ్ వన్‌డా బీట్లు ఇచ్చారు, టైటిల్ పాటలో ఎల్-పి ఉన్నాడు. గంట దాటి సాగుతుంది, నిజం చెప్పాలంటే కనీసం పావుగంట కోసేయొచ్చు. బీట్లు ఒకదానికొకటి అతకవు. అయినా ఈ ఇద్దరి గొంతులూ ప్రతి బీటునీ అద్దె ఇల్లులా వాడుకుంటాయి, మేకు కొట్టేటప్పుడు ఓనర్ని అడగవు. 2011లో డబ్బులిచ్చి కొనుక్కునే ఆల్బమ్ 'రిలాక్స్' వచ్చింది. సౌండు నున్నగా అయింది, నాకు ఆ నునుపు నచ్చలేదు. 2012 డిసెంబర్లో బ్యాండ్ అయిపోయిందని హీమ్స్ స్టేజీ మీదే ప్రకటించాడు. అంటే మేం వినేసరికే వాళ్లు విడిపోయి నాలుగేళ్లు.

మరి కొండబోలు ఏం చేశాడు? ఇదే నన్ను తినేసిన ప్రశ్న. రికార్డుల్లో అతని గొంతు వెతికితే పెద్దగా దొరకదు. లైవ్ వీడియోలు చూస్తే మాత్రం చూపు అతని మీదే ఉంటుంది. ఎగురుతాడు, జోకులేస్తాడు, లైను చివరి మాటని అందుకుని అరుస్తాడు, ర్యాపర్ ఊపిరి పీల్చుకునే అర సెకను ఖాళీని నింపుతాడు. దీన్ని హైప్ మ్యాన్ అంటారు. పబ్లిక్ ఎనిమీలో మెడలో గడియారం వేసుకుని తిరిగే ఫ్లేవర్ ఫ్లావ్ గుర్తున్నాడా, ఆ పోస్టు.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతయ్యకి ఫోన్లో ఆ వీడియో చూపించా. ఆయనకి ఇంగ్లిష్ రాదు, సౌండు కూడా సరిగ్గా వినబడదు. రెండు నిమిషాలు చూసి, "ఆ ఇద్దరూ కథ చెప్తున్నారు. ఈ పిల్లోడు వంత" అన్నాడు.

బుర్రకథ చూడని బ్యాచ్ మనది, అందుకే చెప్తున్నా. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత రాజకీయం మాట్లాడాలి, ఇంకో వంత హాస్యం. కథకుడు ఆగినచోట వీళ్లు తందాన తానా అందుకోవాలి, అనుమానం అడగాలి, జనం తరఫున నవ్వాలి, ఎదురు మాట వేయాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు వాడైన షేక్ నాజర్ దాన్ని ఊరూరికీ తీసుకెళ్లాడు, 1986లో పద్మశ్రీ వచ్చింది. అటు మద్రాసులో బ్రిటిష్‌వాళ్లూ, ఇటు హైదరాబాద్‌లో నిజాం సర్కారూ దీన్ని నిషేధించాయంటే మూడు గొంతులకి ఎంత పవరుందో చూడండి. అండర్‌గ్రౌండ్ అన్న మాటకి మనూళ్లో అసలు అర్థం అది. కానీ ఇప్పుడు మనం 'వంత పాడుతున్నాడు' అంటే తిట్టు. వాడికి సొంత బుర్ర లేదు, ఎవడేమంటే దానికి ఊఁ కొడతాడు అని.

ఆ తిట్టు నేను పడ్డాను.

మేం కూడా ముగ్గురం. కరీంనగర్‌వాడు రాసి పాడేవాడు, పాలమూరువాడు ల్యాప్‌టాప్‌లో బీటు కొట్టేవాడు, నేను మూడోవాణ్ని. బీరువా తలుపులు తెరిచి, మీద దుప్పటి కప్పి, లోపల ఫోన్ పెట్టి రికార్డింగ్. పాట కండోనేషన్ ఫీజు మీద. అటెండెన్స్ తక్కువైతే కట్టే డబ్బులకి ఇంత శాస్త్రీయ నామం పెట్టిన మహానుభావుడెవరని మొదలవుతుంది. 2017 ఫిబ్రవరిలో ఒక ఫెస్ట్‌లో పాడాం. వాడికి రెండో చరణంలో ఊపిరి అందలేదు, మాట తడబడింది. నేను అందుకుని "ఎంత?" అని అరిచా. జనం తిరిగి "ఎంత?" అన్నారు. రాసుకున్న దాంట్లో ఆ మాట లేదు. చివరిదాకా అందరూ అదే అరిచారు.

వీడియో యూట్యూబ్‌లో పెట్టారు. కింద రెండు పేర్లే ఉన్నాయి. అడిగాను. వాడు చాలా మామూలుగా అన్నాడు, "నువ్వేం జేసినవ్‌రా అసలు? పక్కన నిలబడి వంత పాడినవ్, గంతే గదా."

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి నేనూ అట్లాగే అనుకునేవాణ్ని, మా అమ్మ అడిగితే "ఏం లేదమ్మా, ఊరికే పక్కన అరుస్తా" అని చెప్పేవాణ్ని. కాబట్టి వాడి తప్పు అంతవరకే. ఆ తర్వాతది నాది. నెల తిరక్కుండా వాడు సొంతంగా ఒక పాట చేశాడు, ఒక్కడే. రాత బాగుంది. తీరులో మా పాట కన్నా మేలు. నేను దాన్ని హాస్టల్ రూంలో పదిమంది ముందు స్పీకర్లో పెట్టి, వాడు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా వెటకారంగా "ఎంత? ఎంత?" అన్నాను. టైమింగ్ పర్ఫెక్టు. అందరూ కింద పడి నవ్వారు. తలెత్తి చూస్తే వాడు గుమ్మంలో ఉన్నాడు, చేతిలో తార్నాక నుంచి మాకందరికీ తెచ్చిన టిఫిన్ పొట్లాలు. వాటిని మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

మళ్లీ వాడు పాట రాసినట్టు నాకు తెలీదు. తర్వాత ప్లేస్‌మెంట్లు, ఎంఎస్, వీసా, డల్లస్. దాస్ రేసిస్ట్ వాళ్ల బతుకులే నయం, తలా ఒక దారి పట్టినా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. హీమ్స్ నటుడు రిజ్ అహ్మద్‌తో కలిసి స్వెట్ షాప్ బాయ్స్ అని కొత్త బ్యాండ్ పెట్టి 2016లో 'కాష్మీర్' ఆల్బమ్ తెచ్చాడు. అశోక్ పాత దోస్తులతో 'చిల్లిన్ ఐలాండ్' అని రేడియోలో మాట్లాడీ మాట్లాడీ దాన్ని టీవీ దాకా తీసుకెళ్లాడు. ర్యాపర్లని అడవులకీ చెరువులకీ తిప్పుతూ కబుర్లు చెప్పే షో. అక్కడా అతని పని అదే, ఎదుటివాడు మాట్లాడేలా చేయడం.

సరే, ఫైల్. చాయ్ పక్కన పెట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. బీటు వినగానే తెలిసింది పాలమూరువాడిదని, ఆ బరువైన డప్పు వాడు వదలడు. వాళ్లిద్దరూ టచ్‌లో ఉన్నారన్నమాట, నాకు తెలీదు. దాని మీద కరీంనగర్ గొంతు. కొంచెం లావెక్కింది. పాట ఇంటి లోను గురించో, వీసా స్టాంపింగ్ గురించో, రెండూ కలిపో. ప్రాస లైను మధ్యలో పడుతోంది. వీడూ మర్చిపోలేదు.

నాలుగు లైన్లయ్యాక డప్పు ఆగింది. గొంతూ ఆగింది. ఒక సెకను ఏమీ లేదు. నెట్ పోయిందనుకున్నా. మళ్లీ మొదలైంది. ఇంకో నాలుగు లైన్లు, మళ్లీ ఖాళీ. రికార్డింగ్ తప్పు కాదు, ఎనిమిది చోట్ల లెక్కపెట్టా, ఎనిమిదీ ఒకే కొలత.

మూడుసార్లు విన్నా. పైన నాగోల్ వైపు ట్రైన్ పోయింది. డల్లస్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటింది, కానీ బ్లూ టిక్‌లు పడిపోయాయి, నేను విన్నానని వాడికి తెలుసు. రికార్డు బటన్ మీద వేలు పెట్టి, తీసి, చాయ్ వాడికి డబ్బులిచ్చి, క్యాంపస్ వైపు నడిచాను. రోడ్డు మీద కాస్త చప్పుడు తగ్గిన చోటు కావాలి.