ట్రాపు బుస్సుమంటోంది

రిఫైనరీలో పనిచేశానంటే చాలు, "అంత గ్యాసు ఊరికే తగలేస్తారేమండీ?" అని చుట్టాలు ఫ్లేర్ మంట గురించే అడుగుతారు. ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసి రిటైరైన నాకు మాత్రం ఆ మంటకన్నా ఎవరి కంటా పడకుండా పోయే ఆవిరి మీదే బెంగ.

క్రూడును విడగొట్టాలంటే ఫర్నేసులో దాదాపు 350 డిగ్రీల దాకా కాచాలి. అందుకూ, ఆవిరి పుట్టించడానికీ మండించేది చాలావరకు ఆ క్రూడులోంచి వచ్చిన గ్యాసు, నూనెలే. వంద టన్నులు వస్తే ఆరు నుంచి పది టన్నుల దాకా లోపలే హారతి. మన విశాఖ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నరకు పెరిగింది. అందులో ఒక్క శాతం మిగిలినా లక్షన్నర టన్నులు. అదంతా డాలర్లు పోసి కొన్న సరుకు.

నేను చేసిన ఒక ప్లాంటులో (పేరెందుకు లెండి) నైట్ షిఫ్టులో స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరిగేవాణ్ణి. దాని మొన స్టీమ్ ట్రాపు మీద పెట్టి, పిడి చెవికి ఆనించడమే పరీక్ష. పైపులో ఆవిరి చల్లారి నీరవుతుంది. ఆ నీటిని వదిలి ఆవిరిని పట్టి ఉంచాలి ట్రాపు. మా లైన్ల మీదున్న రకం బాగుంటే టక్కుమని కొట్టి ఆగుతుంది, మళ్లీ టక్కుమంటుంది. చెడితే ఒకటే బుస్సు. ఒకసారి అలా బుస్సుమంటున్న ట్రాపు గురించి లాగ్‌బుక్‌లో రాస్తే "వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాం" అన్నారు. ఆ షట్‌డౌన్ రావడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా డిసెంబర్ 14న ఇంధన పొదుపు ప్రతిజ్ఞ రెండుసార్లు చేశాం, ఆ ట్రాపుకి కూతవేటు దూరంలోనే.

ఫర్నేసు సంగతీ అంతే. పొగలో ఆక్సిజన్ రెండు మూడు శాతం ఉంటే చాలు. మేం ఐదారు ఉంచేవాళ్లం, నేనూ ఉంచాను. గాలి తగ్గించబోయి ఫర్నేసు ట్రిప్పయితే మెమో ఇస్తారు. అదనపు గాలి వేడెక్కి చిమ్నీలోంచి పోతే అడిగే నాథుడు లేడు. ఇందులో ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు.

ఇంధన పొదుపు కోసం కేంద్రం పెట్టిన ప్యాట్ (పెర్‌ఫామ్, అచీవ్, ట్రేడ్) పథకం రెండో విడత 2016లో మొదలైంది, అందులో రిఫైనరీలకూ ఇంధన లక్ష్యాలు పెట్టారు. మంచిదే. కాకపోతే అది ప్లాంటు మొత్తానికి కట్టే లెక్క. అందులో మా ట్రాపు కనిపించదు.

ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో గేటు దగ్గర బోర్డు పెడతారు కదా. చెడిన ట్రాపులెన్ని, వాటిలో నెల దాటినవెన్ని అని పక్కనే ఇంకో బోర్డు పెట్టమని యాజమాన్యాలకు నా మనవి. అయ్యేది పెయింటు ఖర్చే.