ఓర్పును కోరు ఔషధము

క్యాన్సర్ చికిత్స యనగా విచ్చలవిడిగ పెరుగు కణములను విషముతో నశింపజేయుటయే యను భావము వైద్యలోకమును చిరకాలము ఏలినది. జన్యుసందేశము ఆర్‌ఎన్‌ఏగా అనులేఖనము చెందుటను శాసించు ఎంజైములను అదుపులో నుంచి వ్యాధిగతినే మార్చుట అంతకంటె సూక్ష్మమైన మార్గము. ఆ మార్గము తొందరపాటును సహింపదని అజాసైటిడిన్ చరిత్రము తెలుపుచున్నది.

1964లో చెకోస్లొవేకియా రసాయనవేత్తలు రూపొందించిన ఈ మందును తొలినాటి వైద్యులు కణసంహారిణిగనే యెంచి అధికమైన మోతాదులలో ఇచ్చిరి. రోగులు దాని తీక్ష్ణతను భరింపలేకపోయిరి. 1980లో పీటర్ జోన్స్, షర్లీ టేలర్ అనువారలు, ఈ మందు సోకిన మూషిక కణములు కండర కణములుగ మారుటకును, డీఎన్‌ఏపై మిథైల్ గుర్తులు తరుగుటకును సంబంధము కలదని చూపిరి. ఆ గుర్తులను నిలుపు మిథైల్‌ట్రాన్స్‌ఫరేజ్ అను ఎంజైము, డీఎన్‌ఏలో చొరబడిన ఈ మందును అంటి బందీయగును. కణము విభజన చెందినకొలది గుర్తులు పలుచనై, అణగిపోయిన జన్యువులు క్రమముగ మేల్కొనును. కావున మోతాదు తగ్గించి, నెలల తరబడి ఇచ్చుటయే ఉచితమని తేలినది.

మూలుగలో రక్తకణములు పక్వము కాక చెడిపోవు మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌నకు అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు ఇదియే. ఆ అనుమతి 2004లో గాని లభింపలేదు. 2009లో ప్రకటితమైన పరీక్షలో, తీవ్రదశ రోగుల మధ్యగత జీవితకాలము ఇతర చికిత్సలతో 15 నెలలు కాగా, దీనితో 24.5 నెలలైనది. ఇది స్వస్థత కాదు; కాని ఆ తొమ్మిదిన్నర నెలలు అల్పమని ఏ కుటుంబమును అనజాలదు. డీఎన్‌ఏ చుట్టుకొనియుండు హిస్టోన్ అను ప్రొటీనులపై పనిచేయు ఎంజైమును నిరోధించు వోరినోస్టాట్ సైతము 2006లో ఒక చర్మ లింఫోమాకు ఆమోదము పొందినది. అయినను ఘనకంతుల విషయమున ఈ మార్గము ఇంకను ఆశించిన ఫలము నీయలేదని ఒప్పుకొనవలెను.

2013లో హైదరాబాదునకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ అజాసైటిడిన్ జెనరిక్ రూపమును అమెరికా విపణిలో ప్రవేశపెట్టినది. మందు మన చెంతనే తయారగుచుండగా, అవగాహన లేమి చేత దాని ఫలము జారిపోరాదు. 28 దినములకొక పర్యాయము, 7 దినములు ఇచ్చు ఈ చికిత్సలో రక్తకణముల సంఖ్య తొలుత ఇంకను పడిపోవచ్చును; గుణము కానవచ్చుటకు పెక్కుమారులు నాలుగైదు పర్యాయములు పట్టును. ఈ మాట వైద్యులు మొదటి దినముననే రోగికిని బంధువులకును విశదపరుపవలెను; రెండవ నెలలోనే నిరాశచెంది, వైద్యుని సలహా లేక చికిత్స మానుకొనవలదని పాఠకులకు నా విన్నపము.