తుపాకీ దించిన మర్నాడు

1972 ఏప్రిల్‌లో చంబల్ లోయలోని జౌరాలో జయప్రకాశ్ నారాయణ్ సమక్షంలో బందిపోట్లు ఆయుధాలు అప్పగించారు. ఆ ఘట్టాన్ని దేశం నేటికీ హృదయ పరివర్తనకు నిదర్శనంగా చెప్పుకుంటుంది. దాని వెనుకనున్న ఒప్పందాన్ని మాత్రం దాదాపు మరచిపోయింది.

ఉరి ఉండదన్న హామీ లభించింది గానీ క్షమాభిక్ష లభించలేదు. న్యాయస్థానం ముందు నిలబడవలసిందే. మరోవైపు, శిక్షాకాలంలో సేద్యం చేసుకునేందుకు ముంగావలీలో ఓపెన్ జైలు ఏర్పాటైంది; పునరావాసానికి భూమి ఇస్తామన్నారు. తలపై 2 లక్షల రూపాయల బహుమానం ఉన్న మొహర్ సింగ్ శిక్ష అనుభవించి వచ్చి, మెహగావ్‌లో వ్యవసాయదారుడయ్యారు. ఆ పట్టణ పాలకమండలికి అధ్యక్షుడిగానూ ఎన్నికయ్యారు. 2020లో వార్ధక్యంలో కన్నుమూశారు.

ఫూలన్ దేవి కథ వేరు. 1983లో లొంగిపోయిన ఆమె పదకొండేళ్లు విచారణ ఖైదీగానే మగ్గి, 1994లో విడుదలయ్యారు. 1996లో లోక్‌సభకు ఎన్నికైనా గతం ఆమెను విడువలేదు; 2001లో ఢిల్లీలో తన ఇంటి ముందే హత్యకు గురయ్యారు. 1981లో ఇరవై మంది బలైన బెహ్‌మయీ కేసులో తీర్పు 2024లో గానీ రాలేదు. సకాలంలో విచారణ జరగకపోతే నిందితులకు విముక్తి లేదు, బాధితులకు ఊరట లేదు. నేరగాళ్లపై జాలి చూపితే బాధితులకు అన్యాయమన్న వాదనకు ఇదే సమాధానం: ఆ ఇద్దరికీ కావలసింది ఒక్కటే, ముగింపు ఉన్న న్యాయం.

పేరుమోసిన బందిపోటుకు ప్రభుత్వంతో బేరమాడే శక్తి ఉంటుంది. పట్టణపు సందులో పెరిగి, ఇరవై ఏళ్లకే రౌడీషీటుకెక్కినవాడికి అది లేదు. శిక్ష ముగిసినా షీటు ముగియదు. ఆటో బ్యాడ్జీకైనా, సెక్యూరిటీ గార్డు కొలువుకైనా పోలీసు ధ్రువీకరణ కావాలి. హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రమే తప్ప బహిరంగ ప్రకటన కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా పండుగ వచ్చినా, ఎన్నికలు వచ్చినా స్టేషన్ నుంచి పిలుపు తప్పదు. నెలలో నాలుగు రోజులు ఠాణా ముందు కూర్చునేవాణ్ణి ఏ యజమాని పనిలో ఉంచుకుంటాడు? పాత ముఠా మాత్రం ఏ ధ్రువపత్రమూ అడగదు.

ఎన్‌కౌంటర్లను, బుల్డోజర్లను ఓట్లుగా మార్చుకుంటున్న పాలకులకు ఈ ప్రశ్న రుచించదు. కానీ చంబల్‌లో ఉపన్యాసం ఒక్కటే పనిచేయలేదు. విచారణ, శిక్ష, ఆపై జీవనోపాధి వరుసగా అందాయి. నేరం మానినవారి షీటుకు చట్టం ఒక గడువు విధించాలి. ఆ గడువు దాటాక పోలీసులే దాన్ని మూసివేయాలి. అప్పుడే ఠాణా మెట్ల మీద పోయే రోజు కూలి రోజుగా మారుతుంది.