ఆసామికి సాయం సరే, పని చేసిన చేతికి ఏదీ?

మనం ఉంటున్న ఫింటాస్ ఇప్పుడు బిల్డింగుల ఊరు. చమురు రాకముందు ఇది మంచినీళ్ల బావులు, తోటలు ఉన్న పల్లె. నేడు కువైట్‌లో కూరగాయలు పండేది ముఖ్యంగా వఫ్రా, అబ్దలీల్లో. ఆవుల ఫారాలు సులేబియాలో ఉన్నాయి. ఆ మజ్రాల్లో పాలు పిండే చేతులు, దోసకాయలు కోసే చేతులు మనలాంటి వాళ్లవే.

2020 ఏప్రిల్ 6న మన పక్కనున్న మహబూలాకు తాళం పడింది. మే 10 నుంచి 30 దాకా దేశమంతా పూర్తి కర్ఫ్యూ. మనం క్యాంపుల్లో కూర్చున్నాం. కానీ ఆవుకు కర్ఫ్యూ తెలుస్తుందా? పొద్దునా సాయంత్రమూ పాలు పిండాల్సిందే.

హోటళ్లు, టీ కొట్లు మూతపడితే పాలు ఎవరు కొంటారు? అందుకే ప్రభుత్వాలు ముందుకొచ్చాయి. అమెరికాలో పాలు పారబోసుకున్న రైతులతో సహా అక్కడి రైతులకు 1,600 కోట్ల డాలర్లు నేరుగా ఇస్తామని 2020 ఏప్రిల్‌లో ప్రకటించారు. మన దేశంలో పీఎం కిసాన్ 2,000 రూపాయలు ఆ ఏప్రిల్‌లోనే ముందుగా వేశారు. మే 15న సహకార డెయిరీల అప్పులకు 2 శాతం వడ్డీ రాయితీ ప్రకటించారు. ఇది తప్పని మేము అనడం లేదు. రైతు నిలబడితేనే కూలి నిలబడతాడు.

మా బాధ వేరు. ఆ డబ్బు ఎవరి పేరున వచ్చింది?

మా క్యాంపులో కడప జిల్లా అన్న ఒకాయన ఉన్నాడు. అప్పట్లో ఒక మజ్రాలో పనిచేసేవాడు. కర్ఫ్యూ రోజుల్లో ఒక్కపూట కూడా పని ఆపలేదు. మూడు నెలల జీతం మాత్రం ఆగిపోయింది. అడిగితే "తిండి పెడుతున్నాం కదా" అన్నారట. ఇంటిదగ్గర ఆయన భార్య రెండెకరాలు కౌలుకు చేసేది. పీఎం కిసాన్ భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. కౌలు కార్డు తీసుకుందామంటే, 2019 చట్టం ప్రకారం ఆసామి సంతకం కావాలి. ఆయన పెట్టలేదు. ఇక్కడ మొగుడికి జీతం లేదు, అక్కడ పెళ్లానికి సాయం లేదు. ఇద్దరూ చేసింది సేద్యమే!

సాయానికి షరతు పెట్టడం కుదరదా? కుదురుతుంది. అమెరికాలోనే చిన్న వ్యాపారాలకు ఇచ్చిన అప్పు పూర్తిగా మాఫీ కావాలంటే, అందులో 60 శాతమైనా జీతాలకు ఖర్చు పెట్టినట్టు చూపాలన్నారు. ఇంగ్లండులో జీతంలో 80 శాతం దాకా సర్కారే భరించింది. అంటే దారి ఉంది, మనసుండాలి.

కువైట్‌లో దాణా మీద రాయితీలు పాత సంగతే. మేము కోరేది ఒక్కటే. ఏ దేశమైనా సరే, రేపు ఇంకో కష్టం వచ్చి ఫారాలకు, డెయిరీలకు డబ్బు ఇచ్చేటప్పుడు, పనివాళ్ల జీతాలు బ్యాంకులో పడ్డాయని కాగితం చూపాకే ఇవ్వాలి. ఊళ్లో సాగు చేసేవాడినే రైతుగా లెక్కలోకి తీసుకోవాలి.

మన వంతు కూడా ఉంది అన్నలారా. జీతం చేతికి కాకుండా బ్యాంకులోనే వేయమని అడగండి. ఆగిన నెలలు రాసిపెట్టుకోండి. సంవత్సరాలు గడవనివ్వకుండా కార్మిక శాఖలో ఫిర్యాదు చేయండి, ఎంబసీకీ చెప్పండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కౌలు కార్డు సంగతి అడగండి. ఆ అన్న దగ్గర ఒక్క కాగితం ముక్క కూడా లేదు. అందుకే ఆ మూడు నెలల జీతం ఈనాటికీ రాలేదు.