అన్నిటికీ కీమో అనే పేరేనా?

కేన్సర్‌కి ఏ మందు ఎక్కించినా మన ఇళ్లలో దాని పేరు "కీమో"నే. మామూలుగా అయితే పట్టించుకోనక్కర్లేదు గానీ, ఇమ్యూనోథెరపీ విషయంలో ఈ అలవాటు ప్రాణం మీదకి తేగలదని నా అభిప్రాయం.

కీమో కణాల్ని నేరుగా చంపుతుంది. నివొలుమాబ్ లాంటి మందుల దారి వేరు. మన టి-కణాలు సొంత ఒంటి మీద పడకుండా వాటికి బ్రేకులుంటాయి. కేన్సర్ ఆ బ్రేకు నొక్కిపట్టి తప్పించుకుంటుంది. ఈ మందులు బ్రేకు పడనివ్వవు. ఆ బ్రేకుల సంగతి తేల్చినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి నోబెల్ వచ్చింది.

బ్రేకు లేని బండి ఎటు పోతుందో మెకానికల్ వాళ్లకి నేను చెప్పాలా! చర్మం, పేగులు, థైరాయిడ్... ఎక్కువగా ఇవి అదుపులోకొస్తాయి. చాలా అరుదుగా, నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికి, గుండె కండరమే దెబ్బతింటుంది. దాన్నే మయోకార్డైటిస్ అంటారు. 2016లో అమెరికా డాక్టర్లు ఇద్దరు మెలనోమా పేషెంట్ల గురించి రాశారు. రెండు ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇచ్చిన మొదటి డోసు తర్వాత, రెండు వారాలు అటూఇటుగా ఆస్పత్రిలో చేరారు. ఇద్దరూ చనిపోయారు. గుండెలో దొరికిన టి-కణాల్లో కొన్ని, ట్యూమర్‌లో ఉన్నవీ ఒకే గుంపువట.

"అంత అరుదైనది చెప్పి భయపెట్టడం ఎందుకురా?" అన్నాడు మా ఫ్రెండొకడు. మనం చదివే ఎఫ్ఎంఈఏలో ఎంత అరుదు అన్నదొక్కటే చూడం కదా. ఎంత ప్రమాదం, ఎంత తొందరగా కనిపెట్టగలం అన్నవీ చూస్తాం. మన చేతిలో ఉన్నది ఆ మూడోది. ఆయాసం, కనురెప్పలు వాలిపోవడం మొదలైతే ఇంట్లోవాళ్లు "కీమో నీరసంలే" అంటారు. ఆర్ఎంపీ గ్లూకోజ్ పెడతాడు. అప్పుడు కావల్సింది ఈసీజీ, ట్రోపొనిన్ పరీక్ష, తేలితే వెంటనే ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు.

ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు తల, మెడ కేన్సర్లలో 20 మిల్లీగ్రాముల చిన్న డోసు నివొలుమాబ్ కూడా పనికొస్తుందని 2022లో చూపించారు. చిన్న డోసంటే చిన్న ఖర్చు, అంటే ఇంకా ఎక్కువ ఇళ్లకి చేరే మందు. ఇలాంటి మందు వాడేవాళ్లు జేబులో పెట్టుకునే కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులోనూ ప్రతి పేషెంటుకీ ఇవ్వాలి. డాక్టర్లు సరిచూస్తానంటే రాసిపెట్టడానికి మన క్లబ్బు ఉంది. నా వంతు ముసాయిదా ఇదిగో: "నేను వాడుతున్నది ఇమ్యూనోథెరపీ. కొత్తగా ఆయాసం, ఛాతీనొప్పి, రెప్పలు వాలడం, ఆగని విరేచనాలు వస్తే మా కేన్సర్ డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేయండి. మందు ఆపి నెలలైనా సరే."