బంజరు అని రాసిందెవరు?

ఈ సంచికకు సంపాదకీయం రాయడానికి కూచుంటే, కొన్ని నెలలుగా నా సంచీలో నలుగుతున్న కాగితం ఒకటి చేతికి తగిలింది. అడంగల్ నకలు. కర్నూలు మెట్ట ప్రాంతంలో ఒక ఊళ్ళో మన సంఘం మీటింగు అయిపోయాక ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి దాన్ని నా చేతిలో పెట్టింది. "ఇందులో ఏం రాసినారో సదివి సెప్పమ్మా" అంది. చదివాను. పట్టాదారు అని ఉన్న చోట ఆమె భర్త పేరు. ఆయన పోయి ఆరేళ్ళయింది. అనుభవదారు అని ఉన్న చోట కూడా ఆయన పేరే. పంట అని ఉన్న చోట "బీడు".

"బీడు యాడిదమ్మా? వానొచ్చిన ఏడు కొర్రలు ఇత్తుకుంటా. రాని ఏడు కసువు కోసుకుంటా. నా నాలుగు మేకలు మేసేది ఆన్నే గదా" అంది. ఆ చుట్టుపక్కల కొలతలు వేసి రాళ్ళు నాటి పోయారట. సోలారుకని కొందరు, ఫ్యాక్టరీకని కొందరు చెప్పుకుంటున్నారు. "నన్నెవురూ అడగల్యా" అంది చివరికి.

ఆమెని అడగాలని చట్టంలో ఎక్కడైనా ఉందా? ఉంటే ఎందుకు అడగలేదు? ఈ ప్రశ్నలు పట్టుకుని వకీలు మిత్రుల దగ్గరికీ, రెవెన్యూ వ్యవహారాలు తెలిసిన వాళ్ళ దగ్గరికీ తిరిగాను. తెలుసుకున్నది మీతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు.

భూమి ఎవరిది అన్న ప్రశ్నను మన ఉద్యమం చాలా కాలంగా అడుగుతూనే ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 2005లో కేంద్రం ఆ దారికి వచ్చింది. పట్టాలో భార్య పేరు ఉండాలని కొట్లాడాం. కానీ ఆ భూమిని దేనికి వాడాలి, ఆ వాడకాన్ని మార్చే అధికారం ఎవరిది, మార్చే ముందు ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు మన సమావేశాల్లో అంతగా వినపడవు. అవి ఇంజనీర్ల వ్యవహారమని, టౌన్ ప్లానింగు వాళ్ళ పటాల గొడవ అని వదిలేశాం. రాయలసీమ మెట్టలో ఇవాళ చాలామంది ఆడవాళ్ళ బతుకుతెరువును తేలుస్తున్నది ఆ పటాలే.

కర్నూలు నుంచి కడప దాకా కె.సి. కాలువ కింద పారేది కొంత నేల. మిగిలినదాంట్లో ఎక్కువ మెట్ట, గుట్ట, వంక. పెద్ద ప్రాజెక్టుల చూపు ఈ మెట్ట మీద పడింది. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో శకునాల, గని గ్రామాల దగ్గర 5,900 పైచిలుకు ఎకరాల్లో 1,000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 2017లో నడకలోకి వచ్చింది. కడప జిల్లా మైలవరం మండలంలో అంతే సామర్థ్యంతో, దాదాపు అంతే విస్తీర్ణంలో మరొకటి తలపెట్టారు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశం మొత్తం మీద 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపితే, వాటిలో రెండు మన దగ్గరివే. ఓర్వకల్లు 2,621 ఎకరాలు, కడప పక్కన కొప్పర్తి 2,596 ఎకరాలు.

ఓర్వకల్లు మనకి కొత్త పేరు కాదు. 1990ల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో పొదుపు సంఘాల పని గట్టిగా నడిచిన మండలం అది. అక్కడి ఆడవాళ్ళు రూపాయి రూపాయి కూడబెట్టి మండల సమాఖ్యను నిలబెట్టిన కథను మనం శిక్షణా తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో! పొదుపు పుస్తకంలో తన పేరు తాను చూసుకున్న ఆడది అడంగల్‌లో తన పేరు వెతుక్కుంటే ఏం కనిపిస్తుంది? మనం ఆ ప్రశ్న దాకా వెళ్ళలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను సోలారుకు వ్యతిరేకిని కాను. బొగ్గు పొగ పీల్చేది కూడా పేదవాళ్ళే. ఏళ్ళ తరబడి బుడ్డల పంట ఎండిపోయి అప్పుల పాలైన కుటుంబానికి ఏటేటా కౌలు డబ్బు వస్తుందంటే అది చిన్న విషయం కాదు. లీజుకి ఇష్టపడి సంతకం పెట్టిన రైతులను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా అభ్యంతరం ఒక్కటే. కాగితంలో పేరున్నవాడిని మాత్రమే అడిగి, ఆ నేల మీద బతికేవాళ్ళందరి సమ్మతీ దొరికినట్టు లెక్కగడుతున్నారు.

ఆ నేల మీద బతికేది ఎవరు? పట్టాదారు ఒక్కడే కాదు. కలుపు తీసే కూలి ఆడది ఉంది. పంట తీసేశాక మట్టి తవ్వి పరిగె ఏరుకునే ముసలమ్మ ఉంది. నోటి మాట మీద రెండెకరాలు కౌలుకు చేసుకునే ఒంటరి స్త్రీ ఉంది. వంక పక్కన కంప కొట్టుకుని పొయ్యి వెలిగించుకునే ఇల్లాలు ఉంది. భూమికి కంచె పడితే పట్టాదారుకి కౌలు డబ్బు బ్యాంకులో పడుతుంది. వీళ్ళకి కట్టెల కోసం ఇంకో రెండు మైళ్ళ నడక మిగులుతుంది. వీళ్ళ పని ఏ రిజిస్టరులోనూ లేదు కాబట్టి దాన్ని పోగొట్టుకున్నట్టు కూడా ఎక్కడా నమోదు కాదు.

కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం కలిసి బంజరు భూముల అట్లాసు వేస్తాయి. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో పొదలున్న నేల అందులో ఒక తరగతి. ఉపగ్రహానికి పొద కనిపిస్తుంది. ఆ పొదలో కొడవలి పట్టుకున్న మనిషి కనిపించదు. అలా "బంజరు" అని ఒకసారి కాగితం మీదికి ఎక్కిందంటే, ఆ తర్వాత ప్రతి ఫైలులోనూ అదే మాట దిగుతుంది. నిరుపయోగంగా ఉన్న భూమిని ఉపయోగంలోకి తెస్తున్నామని అధికారులు నిజంగానే నమ్ముతారు.

ఇక చట్టాల సంగతి. జనాన్ని అడగడానికి చట్టంలో ముఖ్యంగా నాలుగు వాకిళ్ళున్నాయి.

మొదటిది 2013 భూసేకరణ చట్టం. మనకి పనికొచ్చే మాటలు ఇందులో చాలా ఉన్నాయి. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా "బాధిత కుటుంబం" కిందికి వస్తారు. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించాలని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది. సామాజిక ప్రభావ అంచనా, దాని మీద బహిరంగ విచారణ కూడా ఉన్నాయి. అయితే 2018లో రాష్ట్రం చేసిన సవరణతో పారిశ్రామిక కారిడార్ల వంటి పనులను ఆ అంచనా నుంచి ప్రభుత్వం మినహాయించవచ్చు. పైగా ప్రభుత్వ భూమిని కేటాయించినా, పట్టా భూమిని లీజుకు తీసుకున్నా అది సేకరణే కాదు. అప్పుడు ఈ వాకిలి మూసే ఉంటుంది.

రెండోది పర్యావరణ అనుమతి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. సౌర ఫలకల విద్యుత్ ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ వర్తించదని కేంద్ర పర్యావరణ శాఖ 2011లోనే చెప్పింది. పొగ లేదు కాబట్టి విచారణ అక్కర్లేదన్నది అందులోని తర్కం. పొగ లేని మాట నిజమే. ఆరు వేల ఎకరాల మేత పోవడం ఆ లెక్కలోకి రాలేదు.

మూడోది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం. 2006లో వచ్చిన చట్టం దీనికి ఆర్డీవో అనుమతి, రుసుము పెట్టింది. సొంతదారు దరఖాస్తు పెట్టేవాడు, రుసుము కట్టేవాడు, అనుమతి వచ్చేది. పక్క చేనువాళ్ళనీ, ఆ చేలో పనిచేసేవాళ్ళనీ పిలిచి వినడం అందులో ఉండేది కాదు. అనుమతులు సులువు చేస్తామంటూ 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టాన్నే ఎత్తివేసే నిర్ణయం తీసుకుంది. పాత చట్టం ఆడవాళ్ళకి ఒరగబెట్టింది ఏమీ లేదు కనుక దానికోసం నేను కన్నీళ్ళు పెట్టను. కానీ దాని స్థానంలో ఏం పెట్టాలన్న చర్చ రుసుము చుట్టూనే తిరిగింది. అడగాల్సిన మనుషుల ఊసు అందులో లేదు.

నాలుగోది మాస్టర్ ప్లాను. పట్టణాభివృద్ధి సంస్థల పరిధి ఇప్పుడు పట్టణాలు దాటి చాలా పల్లెలను కలుపుకుంది. ముసాయిదా పటంలో ఈ సర్వే నంబర్లు పరిశ్రమల జోను, ఈ సర్వే నంబర్లు నివాస జోను అని రంగులు వేస్తారు. అభ్యంతరాలకు గడువిస్తారు. ఈ వాకిలి తెరిచే ఉంటుంది. కానీ ప్రకటన పేపర్లో ఒక మూల పడుతుంది, పటం ఆఫీసు గోడకు ఉంటుంది. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని పట్నం పోయి, ఆ రంగులు చదివి అభ్యంతరం రాసే పల్లె ఆడది ఎవరు? ఆ పని ఆమె తరఫున మనం చెయ్యాల్సింది. చెయ్యలేదు.

డి-పట్టా భూముల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మెట్టలో దళిత, వెనుకబడిన కులాల కుటుంబాల చేతిలో ఉన్న నేల చాలావరకు అదే. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, లీజుకు కూడా ఇవ్వకూడదు. వారసులకు మాత్రం సంక్రమిస్తుంది. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే, పట్టా భూమి సొంతదారుతో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. "సర్కారు ఇచ్చిన భూమే కదా, సర్కారు తీసుకుంటుంది" అని ఎవరైనా అంటే, ఈ తీర్పు పేరు చెప్పండి. 2023 సవరణ, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు నిండిన భూములపై మూల లబ్ధిదారులకు పూర్తి హక్కు ఇచ్చింది. 2024లో కొత్త ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు ఆదేశించింది. ఈ మార్పుల నడుమ, పట్టా ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉన్న ఆడదాని చేత ఎవరో వచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకుపోయే ప్రమాదం మునుపటికన్నా ఎక్కువైంది.

ఊరుమ్మడి భూముల్లో మేత పోరంబోకులు, వాగులు, కుంటలు ఉన్నాయి. వీటిని కాపాడాలని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అదే ఏడు మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నియమాలు వచ్చాయి. మన కార్యకర్తల్లో ఎంతమందికి తమ పంచాయతీ మేత పోరంబోకు సర్వే నంబరు తెలుసు? నాకు మా ఊరిది తెలియదు. ఈ వ్యాసం రాస్తూ కనుక్కున్నాను.

కాబట్టి నా ప్రతిపాదన పెద్దదేమీ కాదు. వచ్చే మూడు నెలల్లో ప్రతి గ్రామ సంఘమూ ఒక పుస్తకం తెరవాలి. ఊళ్ళో ఏ ఆడది ఏ భూమిని దేనికి వాడుకుంటోందో, ఎన్నేళ్ళుగా వాడుకుంటోందో రాయాలి. దున్నడం, కూలి, కౌలు, మేత, కట్టె, పరిగె, అన్నీ రాయాలి. భర్త పోయిన స్త్రీలతో విరాసత్ దరఖాస్తు పెట్టించాలి. కౌలు చేసే స్త్రీ పేరు ఈ-పంట నమోదులో పడేలా చూడాలి. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డుకు యజమాని సంతకం కావాలి. అది దొరకని చోట కనీసం పంట నమోదు, విత్తనం రసీదు దాచుకోవాలి. రేపు మూడేళ్ళ ఆధారం అడిగినప్పుడు అవే సాక్ష్యం. పంచాయతీలో ఉమ్మడి భూముల జాబితా లేదంటే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివి, తీర్మానంలో చేర్పించాలి.

ఇక ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ఇది. కొనుగోలైనా, లీజైనా, కేటాయింపైనా, పెద్ద విస్తీర్ణంలో భూమి వాడకం మారే ప్రతి చోటా, ఆ భూమిని వాడుకునేవాళ్ళందరినీ పిలిచి ఊళ్ళోనే విచారణ జరగాలి. అందులో ఆడవాళ్ళ మాట విడిగా నమోదు కావాలి. లీజు ఒప్పందంలో భార్య సంతకం ఉండాలి, కౌలు డబ్బు ఇద్దరి పేరు మీది ఖాతాలో పడాలి. మేత పోయిన ఊరికి మేత ఎక్కడ చూపిస్తారో ఒప్పందంలోనే రాయాలి.

1992లో నెల్లూరు జిల్లా పల్లెల్లో సారాపాటలు ఆపిన ఆడవాళ్ళకి ఎక్సైజు చట్టం తెలియదు. తమ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసు. దాన్ని పదిమంది ముందు చెప్పారు. మన మెట్ట ఊళ్ళ ఆడవాళ్ళకి కూడా ఆ నేల సంగతి తెలుసు. దాన్ని కాగితం మీదికి ఎక్కించడం మనం నేర్చుకోవాలి.

ఆ పెద్దావిడతో మన కార్యకర్తలు ఇద్దరు వెళ్ళి విరాసత్ దరఖాస్తు పెట్టించారు. ఇంకా పని కాలేదు. మొన్న కనిపించినప్పుడు ఆమె అడిగింది: "బీడు అని రాసింది కొట్టేసినారా?" ఇంకా లేదని చెప్పాను. "అయితే కొర్రలు ఇత్తినాక రమ్మను, సూపిస్తా" అంది. తొలకరి పడ్డాక ఆ ఊరు వెళ్తున్నాను. కెమెరా, అడంగల్ నకలు రెండూ పట్టుకుని. మీ మీ ఊళ్ళలో మీరూ వెళ్ళండి. ఏం చూశారో వచ్చే సంచికకి రాసి పంపండి.